పేరు మోయు బండ్లు: స్మారకపు బొమ్మ వాగనుల సేకరణము

సంక్రాంతినాటి బొమ్మలకొలువు నెరుగనివారు మనలో అరుదు. మెట్లమీద తెల్లని వస్త్రము పరచి, పైమెట్టున దేవతలను, దాని క్రింద కొండపల్లి యంబారీ యేనుగును, ఇంకను క్రింద ఏటికొప్పాక లక్కబొమ్మలను వరుసలు తీర్చి పేరంటాండ్రను పిలుతురు. ఆ పేరంటమున ఇంటి ముసలమ్మ ఒక్కొక్క బొమ్మను చూపి, "ఇది మా యమ్మమ్మ కాపురమునకు వచ్చునాడు తెచ్చినది, దీని చేయి మీ పెదనాన్న పసితనమున విరిచినది" అని చెప్పును. బొమ్మ కర్రతో చేసినదే యైనను, దానిని ఇంటిలో నిలుపునది ఆ మాట. ఆ మాట చెప్పువారు లేనినాడు దానిని అటక యెక్కింతురు.

నేడు నేను మనవి చేయబోవునది మన కొలువును గూర్చి కాదు. జర్మనీ, ఇంగ్లండు, అమెరికా దేశములవారు గాజుబీరువాలలో తీర్చుకొను మరియొక కొలువును గూర్చి. అందు దేవతలు లేరు, ఏనుగులు లేవు. అరచేతిలో నిముడు రైలు వాగనులు కలవు. వానిలో కొన్నిటిమీద ఒక సంవత్సరమో, ఒక ఊరిపేరో, ఒక కర్మాగారము పేరో, ఒక ఉత్సవము పేరో అచ్చువేయబడియుండును. అట్టివానికే స్మారకపు వాగనులని పేరు. సంసారములు చేయుచున్న గృహస్థులును, పింఛను పుచ్చుకొను వృద్ధులును వీనికొరకు సంతలకు పోవుదురు, వేలముపాటలలో పాడుదురు, చిట్టాలు వ్రాసికొందురు. ఇది విని "పండుముసలివారికి పసిబిడ్డల యాటలా!" అని నవ్వుట సులభము. కాని ఆ వాగను ఎట్లు పుట్టినది, దానిమీది పేరు ఎవరిది, దానిని దాచుటవలన నిజముగా దాగునదేమి, అని విచారించి చూచిన పిదప నవ్వవలెనో మానవలెనో నిర్ణయింతము.

రైలుబండి యనగానే మన చూపు ఇంజనుమీదికి పోవును. పొగ దానిది, కూత దానిది, వేగము దానిది. కాని ఒక దేశము పొయ్యిలో నిప్పును, గాదెలో గింజను నిలుపునది దాని వెనుక మారుమాటలేక నడచు సరకులపెట్టె. బొగ్గు, ధాన్యము, ఉప్పు, సున్నపురాయి, పశువులు, కలప, చమురు, ఇవన్నియు ప్రయాణము చేయునది వాగనులోనే. ఇంజనులను సేకరించువారు అనేకులున్నను, వాగనులను సేకరించువారి రుచి వేరు. ఇంజను రాజువంటిది, వాగను రైతువంటిది. ఏ ఊరిలో ఏ పంట పండెను, ఏ గనిలో ఏ రాయి దొరకెను, ఏ వర్తకుడు ఏమి యమ్మెను, అను కథ వాగనుమీదనే వ్రాయబడియుండును.

ఇక దీని కొలతల సంగతి. లెక్కలు చెప్పిన అలవాటుచేత ఈ భాగము నాకు మిక్కిలి ఇష్టము. ఐరోపాఖండమున హెచ్చుగా వాడుకలోనున్న బొమ్మరైలు నిజమైన బండిలో 87వ వంతు. అక్కడి పెద్దరైలు పట్టాల నడిమి వెడల్పు 1435 మిల్లీమీటర్లు. దానిని 87చేత భాగించిన 16.5 మిల్లీమీటర్లు వచ్చును. బొమ్మ పట్టాల వెడల్పు సరిగా అంతయే. ఇంగ్లండులో అవే పట్టాలమీద కొంచెము పెద్ద బండిని, అనగా 76వ వంతు బండిని నడపుదురు. అక్కడ నిజమైన బండియొక్క ఒక్కొక్క అడుగునకు బొమ్మలో నాలుగు మిల్లీమీటర్లు. 1923లో ఆ దేశమున బొగ్గువాగనునకు ఒక ప్రమాణము నిర్ణయించిరి. దాని పొడవు పదునారున్నర అడుగులు, మోయు బరువు 12 టన్నులు. బొమ్మలో ఆ పొడవు 66 మిల్లీమీటర్లు, మన చూపుడువ్రేలికంటె కురుచ. పొడవు 76వ వంతైన, బరువును కూడ 76చేత భాగించిన చాలునని పిల్లలు పొరబడుదురు. పొడవును, వెడల్పును, ఎత్తును మూడింటిని తగ్గించితిమి గనుక 76ను మూడుమారులు గుణింపవలెను. అది నాలుగులక్షల ముప్పది యెనిమిదివేల పైచిలుకు. అంతటితో భాగించిన, 12 టన్నుల బొగ్గు బొమ్మలో సుమారు 28 గ్రాములగును, రెండు తులములకు కొంచెము పైమాట. ఒక గని కూలివాడు ఎన్నియో దినములు భూగర్భమున వంగి త్రవ్విన సంపద ఒక గుప్పెటలో పట్టునంతయై పోయినది. ఈ లెక్కను మీరు జ్ఞాపకముంచుకొనవలెనని వేడుచున్నాను. దీనితో మరల పని కలదు.

ఇప్పుడు చరిత్ర. జర్మనీలో గ్యోపింగెన్ అను ఊర 1859లో తెయోడోర్ మార్క్లిన్ అను రేకుపనివాడు బొమ్మల వంటయిండ్లకు గిన్నెలు, పళ్లెములు చేసి అమ్మ నారంభించెను. 1866లో అతడు గతించెను. అతని భార్య కరోలీనె ఆ పనిని మూతవేయనీక నడిపించెను. 1888లో కొడుకులు కార్ఖానాను చేతికి తీసికొనిరి. 1891లో లైప్జిగ్ సంతలో వారు తాళపుచెవి త్రిప్పిన నడచు రైలును, ఎనిమిది అంకెవలె మెలికపడిన పట్టాలను ప్రదర్శించిరి. అంతకు పూర్వము బొమ్మరైళ్లు లేకపోలేదు. కాని వీరు పట్టాల వెడల్పులకు అంకెలు పెట్టి, ఈ యేడు కొన్న వాగను రాబోవు ఏడు కొనబోవు ఇంజనుకు తగిలించుకొన వీలగునట్లు కట్టుబాటు చేసిరి. సేకరణమునకు బీజము పడినది ఇచ్చటనే. ఒకదానితో తీరని వస్తువు, ఏటేటికి ఒకటి చేర్చుకొనదగిన వస్తువు ఏర్పడినది.

అమెరికాలో మరియొక ముచ్చట కలదు. న్యూయార్కులో జాషువా లయొనెల్ కోవెన్ అను యువకుడు 1900లో లయొనెల్ కంపెనీని స్థాపించెను. దుకాణము ముందరి గాజుకిటికీలో సరకులను ఆకర్షణీయముగా చూపవలెనని, విద్యుచ్ఛక్తిచేత గుండ్రముగా తిరుగు మూతలేని చిన్న వాగను నొకదానిని 1901 ప్రాంతమున చేసి, ఒక వర్తకునికి అమ్మెను. చూడవచ్చినవారు వాగనులోని సరకులను విడిచి, వాగనునే కొందుమని అడిగిరట. ఆ దేశపు ప్రసిద్ధమైన బొమ్మరైళ్ల కంపెనీ యట్లు ఇంజనుతో కాక ఒక సరకులపెట్టెతో బయలుదేరినది.

ఇంగ్లండులో లివర్‌పూల్ నివాసి ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో మెకానో అను చిల్లులరేకుల ఆటవస్తువునకు పేటెంటు పొంది, 1920లో రేకురైళ్లను అమ్మ నారంభించెను. ఆ 1920 దశాబ్దముననే అతని వాగనులమీద బిస్కత్తుల కంపెనీల పేర్లు, చాకొలెట్ల పేర్లు, ఆవపిండి పేరు వచ్చినవి. కోల్మన్ అను ఆవపిండి కంపెనీ పేరుగల పెట్టెను కొలదికాలము మాత్రమే చేసిరి. నేడు సేకర్తలు దానికొరకు దివిటీ పట్టి వెదకుదురు. నాడు అది స్మారకము కాదు, వట్టి ప్రకటన. కాలము గడచి ప్రకటనయే స్మారకమైనది.

ఇంగ్లండులో వాగనుమీద పేరు వ్రాయుట బొమ్మలవారు కల్పించినది కాదని మీరెరుగవలెను. మన దేశమున వాగనులు హెచ్చుగా రైల్వేలవి. అక్కడ రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము ఐదులక్షలకు పైగా వాగనులు గనుల యజమానులవి, బొగ్గువర్తకులవి, క్వారీలవి, స్వంతపు ఆస్తులు. ఒక్కొక్కరు తమ బండికి తమకిష్టమైన రంగు పూసి, ప్రక్కమీద బారెడు అక్షరములతో పేరు, ఊరు వ్రాయించుకొనెడివారు. ఖాళీ యైన పిదప ఏ గనికి తిరిగి పంపవలెనో ఆ మాటయు ఒక మూల వ్రాసియుండెడిది. వందయిండ్ల పల్లెలో బొగ్గు అమ్ముకొను వర్తకునికి కూడ ఒకటి రెండు వాగనులుండెడివి. ఆ బండి దేశమంతయు తిరిగి వచ్చుచుండగా ఆ పల్లె పేరును తిరిగెడిది.

1939లో యుద్ధము రాగానే ప్రభుత్వము ఆ బండ్లన్నిటిని ఒక్క మొత్తముగా తన యాజ్ఞ క్రిందికి తీసికొనెను. 1948లో రైళ్లను జాతీయము చేయగా ఆ వాగనులు ప్రభుత్వపు సొత్తైనవి. క్రమముగా పాతరంగులు వెలిసిపోయినవి, చెక్కపలకలు పొయ్యిలోనికి పోయినవి, ఇనుప వాగనులు వచ్చినవి. ఆ పిమ్మట గనులే మూతపడజొచ్చినవి. 2015 డిసెంబరులో యార్క్‌షైరులోని కెల్లింగ్లీ గని మూయబడుటతో ఆ దేశమున లోతుబొగ్గు గని యన్నది లేకుండ పోయినది. తాతముత్తాతలనాటినుండి గని కూతతో మేల్కొనిన ఊళ్లలో ఇప్పుడు ఆ కూత లేదు. గనిగట్టుమీద గడ్డి మొలచినది. ఆ యూళ్లవారికి తమ గని పేరు కంటికి కనబడు చోట్లు కొన్నియే మిగిలినవి. అందొకటి 66 మిల్లీమీటర్ల బొమ్మ వాగను.

అది ఎట్లు తయారగునో చెప్పెదను. పూర్వము పలుచని రేకుమీద రంగులు అచ్చువేసి, తరువాత కత్తిరించి, వంచి, చెవులను చిల్లులలో దూర్చి మడచి పెట్టె చేసెడివారు. ఇప్పుడు హెచ్చుగా ప్లాస్టికును కరగించి ఉక్కుమూసలో ఒత్తిడితో పోయుదురు. ఆ ఉక్కుమూస చేయించుటకే కర్చెక్కువ. మూస యొకమారు సిద్ధమైన పిదప అందుండి వేలకొలది పెట్టెలు తీయవచ్చును. పేరు వేయుటకు వేరొక సాధనము. చదునైన ఉక్కుపలకమీద అక్షరములను సన్నముగా గుంటలుగా చెక్కుదురు. ఆ గుంటలలో సిరా నింపి, పైసిరాను కత్తివంటి పట్టీతో తుడిచివేయుదురు. మెత్తని సిలికాను రబ్బరు దిమ్మె ఆ పలకమీద ఒరిగి సిరాను ఎత్తుకొని, వాగను ప్రక్కమీద ఒరిగి దానిని దింపివేయును. మిల్లీమీటరుకన్న చిన్న అక్షరము కూడ భూతద్దముతో చదువుకొన వీలగునంత తేటగా పడును. రంగు రంగునకు ఒక పలక.

దీనినిబట్టి స్మారకపు వాగనుల రహస్యము మీకు తెలిసియే యుండును. మూస యొక్కటే; పేర్లు నూరు. క్రొత్త మూస చేయించు స్తోమత చిన్న సంఘములకు ఉండదు. కాని కొన్ని వందల పెట్టెలమీద తమ యూరి పేరు వేయించుకొను స్తోమత ఉండును. వేల్సులో పలకరాతి రవాణాకై 1860 దశాబ్దమున కట్టిన తాలిలిన్ అను చిన్న రైలుమార్గము మూతపడబోవు సమయమున, 1951లో, జీతము లేని సేవకులు దానిని చేపట్టి నడపిరి. లోకమున నట్లు స్వచ్ఛందసేవకులచేత నిలిచిన మొదటి రైలుమార్గము అదియే. తరువాత ఆ దేశమున అట్టివి అనేకము లేచినవి. బాయిలరు బాగుచేయుటకు, వంతెన కట్టుటకు వారికి ధనము కావలెను. స్మారకపు వాగనును వేయించి యమ్మిన లాభము ఆ బాయిలరులోనికి పోవును. డాపొల్ వంటి కంపెనీలు ఇట్టి కోరికలమీద పేర్లు వేసి యిచ్చుటను ఒక వ్యాపారముగా చేసికొన్నవి. హార్న్‌బీవారు ఏటేటికి ఆ సంవత్సరపు అంకెగల వాగను నొకటి వెలువరించుట అలవాటు చేసికొనిరి. గ్యోపింగెన్‌లో మార్క్లిన్‌వారి మ్యూజియమున కూడ ఏటికొక మ్యూజియపు వాగను వెలువడుచు వచ్చినది. దానిమీద తరచుగా ఆ ప్రాంతపు పాతపరిశ్రమ నొకదాని పేరుండును.

ఇచ్చట మీలో లౌకికులైనవారు, "దీనివలన లాభమేమైన నున్నదా? నేడు పదికి కొన్నది రేపు నూరునకు పోవునా?" అని యడుగుదురు. చెప్పెదను, వినుడు. 1957లో లయొనెల్ కంపెనీవారు ఆడుపిల్లలు కూడ రైళ్లు కొందురని తలచి, గులాబిరంగు ఇంజనును, లేత పసుపు, లేత నీలపు రంగుల వాగనులను చేసిరి. పిల్లలు మొగము త్రిప్పుకొనిరి. తమకును నిజమైన రైలువంటి నల్లని రైలే కావలెనన్నది వారి మాట. సరకు దుకాణములలోనే పడియుండెను. ఎవరును కొనలేదు గనుక ఎవరివద్దను లేదు. ఎవరివద్దను లేదు గనుక నేడు దానికి విశేషమైన వెల. ఆవపిండి పెట్టెయు అంతే. పిల్లలు దానిని నేలమీద ఈడ్చి, వానలో మరచి, పగులగొట్టిరి, మిగిలినవి కొన్నియే. దాచవలెనని ఎవరును తలపని వస్తువు దుర్లభమైనది. దీనికి విరుద్ధముగా, దాచుటకే చేసిన స్మారకపు వాగనును కొన్న ప్రతివాడును పెట్టె విప్పకుండ భద్రపరచును. వేయి చేసిన వేయియు నిలుచును. "పరిమితసంఖ్య" అని అట్టమీద అచ్చువేసి, ఆ సంఖ్యను తామే నిర్ణయించువారు వర్తకులు. దుర్లభత్వమును కాలము కల్పింపవలెను గాని దుకాణదారుడు కల్పింపజాలడు. కావున లాభముకొరకు కొనువాడు ధాన్యమో బంగారమో కొనుట మేలు.

మరియొక నిదర్శనము. ఇతరుల ఉత్సవములకెల్ల వాగనులు చేసిన మార్క్లిన్ కంపెనీయే తన 150వ సంవత్సరమైన 2009లో అప్పులు తీర్చలేక న్యాయస్థానమున దివాలా దరఖాస్తు పెట్టుకొనవలసివచ్చెను. 2013లో వేరొక బొమ్మలకంపెనీ కుటుంబము దానిని కొనగా నిలద్రొక్కుకొనెను. పేరునకు వయసున్నంత మాత్రమున బ్రదుకునకు భరోసా యుండదు.

వస్తువునకు కూడ రోగములు కలవు. 1930 ప్రాంతముల చక్రములను, చట్రములను తుత్తునాగము ముఖ్యముగాగల మిశ్రలోహముతో పోసెడివారు. అందు సీసము వంటి మాలిన్యము రవంత కలసిన, లోహము కొన్నియేండ్లకు లోలోపలనే ఉబ్బి, పగిలి, తుదకు ఎండిన మట్టిబెడ్డవలె పొడియైపోవును. పైన రంగు చెక్కుచెదరదు, లోపల సారము పోవును. దానికి మందు లేదు. ఎండ తగిలిన రంగు వెలయును. చెమ్మ తగిలిన రేకు తుప్పుపట్టును. అందుచేత ఎరిగినవారు గోడకు దూరముగా, సూర్యరశ్మి సోకని బీరువాలో, చెమ్మ లేకుండ ఉంచుదురు. అట్టపెట్టెను కూడ పారవేయరు.

ఇంతవరకు వస్తువును గూర్చి చెప్పితిని. ఇక అసలు సంగతి.

నావద్ద చదువుకొని ఇంగ్లండులో ఉద్యోగము చేయుచున్న శిష్యుడొకడు ఒక వేసవిని సెలవులకు వచ్చి, తాను సేకరించిన వాగనులలో అయిదింటిని నాకు చూపుటకు తెచ్చెను. చేతిరుమాలు పరచి వరుసగా నిలిపెను. ఒక్కొక్కదాని ప్రక్కమీద ఒక బొగ్గువర్తకుని పేరు, ఊరు. ఏది ఎంతకు కొనెనో, ఏది ఎన్ని చేసిరో, ఏ కొక్కెము పాతదో ఏది క్రొత్తదో, అన్నియు తడుముకొనకుండ చెప్పెను. "నాయనా, ఈ ఎర్రదానిమీది పేరుగల వర్తకుడెవరు? అతని కేమైనది? ఆ బొగ్గు ఏ గనినుండి వచ్చెను?" అని యడిగితిని. వాడు కొంతసేపు మౌనము వహించి, "మాస్టారూ, ఆ సంగతి నన్నింతవరకు ఎవరును అడుగలేదండీ" అనెను. వాడు తెలివిగలవాడు. తిరిగిపోయిన పిదప ఆ యూరి గ్రంథాలయమునకు పోయి, పాత పత్రికలు చూచి, ఆ వర్తకుని కుటుంబము మూడుతరములు బొగ్గు నమ్మెననియు, వారి యంగడి యున్నచోట నేడు బండ్లు నిలుపుకొను ఖాళీస్థల మున్నదనియు నాకు జాబు వ్రాసెను. "ఇప్పుడు ఈ బండి నాదైనట్లున్నది" అని తుద నొక వాక్యము చేర్చెను. వెల చెల్లించినది ఎన్నడో. దానికి స్వామి యైనది ఆనాడు.

ఐనను ఆ జాబు చదివి నేను మరికొంత దూరము ఆలోచించితిని. వాగనుమీది పేరు యజమానిది. ఆ బొగ్గును త్రవ్వినవాని పేరు ఏ వాగనుమీదను లేదు. వేల్సులోని సెంఘెనిద్ అను గనియూర 1913 అక్టోబరు 14వ తేదీని భూమిలోపల ప్రేలుడు సంభవించి 439మంది పనివారును, రక్షింపబోయినవారిలో ఒకడును మరణించిరి. ఆ దేశపు గనుల చరిత్రలో అంతటి ఘోరము మరియొకటి లేదు. విచారణానంతరము గని మేనేజరునకు విధించిన జరిమానా 24 పౌనులు. అట్టి గనులలోని బొగ్గే రంగురంగుల పేర్లుగల బండ్లలో ఊరూర తిరిగినది. ఇందాక మనము లెక్కగట్టిన గుప్పెడు బొగ్గును ఇప్పుడు స్మరింపుడు. బొమ్మలో బరువు తగ్గించుకొనవచ్చును. ఆ బొగ్గునకు చెల్లిన వెల ఏ లెక్కచేతను తగ్గదు. స్మారకపు వాగనును చేత బట్టినవాడు పేరుతోపాటు పేరు లేనివారిని కూడ తలపకున్నయెడల, అతడు స్మరించినది సగమే.

దూరదేశపు మాట యని మనము తప్పించుకొనరాదు. మన తాతలు బెజవాడమీదుగా మద్రాసునకు పోవునప్పుడు ఎక్కిన బండ్లు మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేవి. 1951లో అది దక్షిణ రైల్వేలో కలసిపోయినది. 1921 నవంబరులో, మలబారు తిరుగుబాటు కాలమున, దాదాపు నూరుగురు ఖైదీలను తిరూరు స్టేషనులో ఒక మూతపెట్టెలో క్రిక్కిరియ నింపి, బయట గడియవేసి, కోయంబత్తూరు దిక్కునకు పంపిరి. ఆ పెట్టె ఈ మద్రాసు అండ్ సదరన్ మరాఠా కంపెనీదే. లోనివారు గాలికి, నీటికి అలమటించి కేకలు వేసిరి. పోదనూరులో తలుపు తెరచి చూడగా అనేకులు అప్పటికే ఊపిరాడక చనిపోయియుండిరి. పిదప ఆసుపత్రులలో చనిపోయినవారితో కలసి సుమారు 70మంది. దీనిని వాగను విషాదమందురు. తిరూరులో ఆ పేరుతో స్మారకభవనము కలదు. మన యూళ్లకు ఉప్పును, ధాన్యమును తెచ్చినది అటువంటి పెట్టెయే. అటువంటి పెట్టెయే వారికి సమాధి యైనది. చెక్కకును, ఇనుమునకును పాపపుణ్యములు లేవు. గడియ వేసిన చేతికి కలవు. ఇట్టి సంగతిని ఉత్సవపు రంగులతో అచ్చువేయుటకు రాదు; కాని వాగనుల చరిత్ర వ్రాసికొనువాడు ఆ పుటను చించివేయుటకును రాదు.

కాబట్టి ఈ సేకరణమును నేను నిందింపను, ఊరక పొగడను. దీని యందలి గుణము ఒకటి కలదు: పోయిన పరిశ్రమయొక్క పేరు, మాసిన రంగు, ఊరి గుర్తు, ఇవి మనుమల కంటబడునట్లు చేయును. దీని యందలి కొరత ఒకటి కలదు: చెప్పువాడు లేనిచో ఆ పేరు వట్టి అక్షరములే. కొరతను తీర్చుటకు పెద్ద ధనమక్కరలేదు. ప్రతి వాగనుతోను ఒక కాగితపుముక్క యుండవలెను. దానిమీద నాలుగు ప్రశ్నలకు ప్రత్యుత్తరము వ్రాయవలెను. ఈ పేరు ఎవరిది? ఇది ఏమి మోసెను? దానిని పండించినవారు, త్రవ్వినవారు ఎవరు? అది ఎందుచేత ఆగిపోయెను? ఇంత వ్రాసి పెట్టెలో నుంచిన, సేకర్త పోయినను ఆ వాగను మూగది కాదు. అట్లు వ్రాయని బీరువాలు వారసుల చేతిలో తూకమునకు పోవుచున్నవి.

ఈ మాట రైలుబొమ్మలు కొనువారికి మాత్రమే చెప్పినది కాదు. పెద్దలారా, మీ యిండ్లలో నేడు వాడుక తప్పిన కుంచములు, మానికలు, ఏతపు బానలు, గానుగ రోళ్లు, కావిడిపెట్టెలు ఉన్నవి. వానిని చూచి పట్టణమునుండి వచ్చినవారు వెల కట్టుదురు. అమ్ముట, అమ్మకపోవుట మీ యిష్టము. ముందుగా మీ మనుమని చేత ఒక కాగితము తెప్పించి, ఆ కుంచముతో ఎవరు కొలిచిరి, ఎవరికి కొలిచిరి, ఏ కరవునాడు అది బోర్లించి యుండెను, మీ నోటితో చెప్పి వానిచేత వ్రాయింపుడు. వానికి చేతివ్రాత కుదురును. మీకు మాట నిలుచును. ఈ పని వచ్చే యేటికి వాయిదా వేయదగినది కాదు, ఎందుకనగా వస్తువు ఆగును గాని చెప్పువాడు ఆగడు.